లేని సినిమాకి ట్రైలరు

బస్టాండులో పోయిన వస్తువుల గది చూసుకునే ఆవిడ అసలు పేరు జీతాల జాబితాలో తప్ప ఇంకెక్కడా వినపడదు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టతను, చివరికి డిపో మేనేజరు కూడా ఆమెను ఆరా మేడం అనే పిలుస్తారు. మొహం మీదే అలా పిలిచినా ఆమె నొచ్చుకోదు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అప్పుడు పక్కన ఇంకెవరున్నారు అని మాత్రం అడుగుతుంది.

టికెట్ల కిటికీలు దాటాక, పై అంతస్తుకి వెళ్లే మెట్ల కింద ఉంటుంది ఆ గది. ముందు ఇనుప జాలీ బిగించిన కౌంటరు, వెనక నాలుగు వరసల అరలు. గొడుగులు, హెల్మెట్లు, పిల్లల బ్యాగులు, ఒంటి చెప్పులు, కళ్లజోళ్లు. ఒక చంకకర్ర తొమ్మిదేళ్లుగా మూలన నిలబడి ఉంది. కుంటుతూ బస్సెక్కిన మనిషి అది లేకుండా ఎలా దిగి వెళ్లాడన్నది ఆమెకి మొదట్లో వచ్చిన అనుమానం. అసలు వాడు కుంటివాడే కాదని చాలాకాలం క్రితమే తేల్చేసింది.

ఆమె పద్ధతి ఒకటే. బస్సుల్లో దొరికినవి కండక్టర్లు తెచ్చిస్తే ఒక పుస్తకంలో రాస్తుంది. పోయిందని అడగడానికి వచ్చినవాళ్ల మాట ఇంకో పుస్తకంలో రాస్తుంది. మొదటిదాన్ని దొరికిన పుస్తకం, రెండోదాన్ని అడిగిన పుస్తకం అంటారు. వస్తువు ఉందని గానీ లేదని గానీ ముందుగా చెప్పదు. బయటికి కనపడని సంగతులు మూడు అడుగుతుంది. లోపలి గుడ్డ ఏ రంగు, కింద అరలో ఏముంది, పిడి ఎక్కడ విరిగింది. మూడింటికీ సరిగ్గా చెప్తే సంతకం పెట్టించుకుని ఇస్తుంది. తడబడితే, "సరిగ్గా గుర్తు చేసుకుని రండి" అని పంపేస్తుంది. కన్నీళ్లు పెట్టుకున్నా కరగదు, గట్టిగా అరిచినా బెదరదు.

"ఇరవై ఆరేళ్లలో ఈ గదిలోంచి ఒక్క వస్తువు కూడా తప్పు చేతికి వెళ్లలేదు" అని మేనేజరు కొత్తగా వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. వచ్చే ఏడాది ఆమె రిటైరవుతుంది. ఆ రోజు సభలో మొదటి మాటగా ఇదే చెప్తానని ఇప్పటికే మాటిచ్చాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆరా మేడం తల వంచుకుని బల్ల మీద లేని దుమ్ము తుడుస్తుంది. అందరూ దాన్ని వినయం అనుకుంటారు.

ఆమె పెళ్లి చేసుకోకపోవడం గురించి డిపోలో ఒక కథ ఉంది. వర్క్‌షాపులో మెకానిక్ ఒకతను వయసులో ఉన్నప్పుడు ఆమెని ఇష్టపడ్డాడట. ధైర్యం చేసి చెప్పేశాడట. ఎప్పటినుంచి అని అడిగిందట. ఆరు నెలల నుంచి అన్నాడట. మరి ఆరు నెలలూ ఎందుకు దాచారని అడిగిందట. అతను వేరే డిపోకి బదిలీ చేయించుకున్నాడట. ఈ కథ నిజమేనా అని ఎవరైనా అడిగితే, మీకెవరు చెప్పారని ఎదురడుగుతుంది తప్ప కాదని అనదు.

అలాంటి మనిషి ఇంట్లోకి మూడు నెలల కోసం అక్క కూతురు వచ్చి దిగింది. పిల్ల సినిమా కోర్సులో ఆఖరి ఏడాది. హాస్టల్ భవనానికి మరమ్మతులని అందరినీ ఖాళీ చేయించారు. ఆరా మేడం అక్కకి ఫోన్ చేసింది.

"హాస్టల్‌కి ఏమైంది?"

"మరమ్మతులే. గోడలు కారుతున్నాయట."

"అది సరేలే. నిజంగా ఏమైంది?"

అక్క ఫోన్ పెట్టేసింది. పిల్ల మాత్రం పిన్ని ప్రశ్నలకి విసుక్కోలేదు. ఎక్కడికెళ్లావంటే చెప్పేది, ఎవరితో మాట్లాడావంటే చెప్పేది, అడగకుండానే ఇంకో రెండు కలిపి చెప్పేది. బ్యాగు మూలన పడేసి నోరు తెరిచి నిద్రపోయేది. పిన్ని ఆ బ్యాగు విప్పి చూడగలదన్న ఆలోచన కూడా ఆ పిల్లకి వచ్చినట్టు లేదు. మొదటి వారం ఆరా మేడంకి అదే పెద్ద అనుమానం. ఇంత బాహాటంగా ఎవరుంటారు, ఏదో దాచేవాళ్లు తప్ప, అనుకుంది. రెండో వారానికి ఆ పిల్ల తీరే అంతని తెలిసింది. తనని ఇంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరని కూడా తెలిసింది. అది ఆమెకి చాలా నచ్చింది. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం టీ తాగుతూ పిల్ల తన ప్రాజెక్టు సంగతి చెప్పింది. రెండు నిమిషాల ట్రైలరు తియ్యాలట.

"ఏ సినిమాకి?"

"సినిమా లేదు పిన్నీ. ట్రైలరు మాత్రమే."

"సినిమా లేకుండా ట్రైలరేంటి? వంట చెయ్యకుండా వాసన రప్పించడమా?"

"అదే పరీక్ష. తియ్యడానికి మార్కులు తక్కువ. ముందు చేసే పరిశోధనకే ఎక్కువ. కథ అనుకోవాలి, వేరే ట్రైలర్లు చూసి లెక్కలు రాయాలి, జనాన్ని అడగాలి, చోటు చూసుకోవాలి, ఏ షాటు ఎక్కడో బొమ్మలు గీయాలి. ఫైలు ఒప్పుకుంటేనే సారు కెమెరా చేతికిస్తారు."

"చోటు ఏదనుకున్నావు?"

"నీ గది" అంది పిల్ల.

ఆరా మేడం గ్లాసు కింద పెట్టింది. ఎందుకు అని అడిగింది. అంతకంటే మంచి గది ఊళ్లో లేదని పిల్ల చెప్పింది. అందులో అందరూ ఏదో పోగొట్టుకునే వస్తారు, జాలీ అవతల ఒకావిడ ఎవరినీ నమ్మకుండా కూర్చుని ఉంటుంది, చూసేవాళ్లకి ఇక సినిమా చూడక తప్పదు అంది. "ఆవిడ నువ్వు కాదులే పిన్నీ, నీలాంటి ఆవిడ" అని కూడా అంది. మేనేజరు మరుసటి రోజే అనుమతి కాగితం మీద సంతకం పెట్టేశాడు. పెడుతూ ఆ ఒక్క వస్తువు మాట పిల్లకి కూడా చెప్పాడు. పిల్ల దాన్ని నోట్‌బుక్కులో రాసుకుంది.

తర్వాతి మూడు వారాలు ఆ ఇంట్లో పండుగ కిందే లెక్క. రోజూ సాయంత్రం పిల్ల ల్యాప్‌టాప్‌లో ట్రైలర్లు పెట్టేది. చేతిలో స్టాప్‌వాచ్. ఎన్ని షాట్లు, ఏ సెకనులో పాట ఆగింది, ఏ సెకనులో పేరు పడింది, మొదటి మాట ఎవరిది. పన్నెండు ట్రైలర్లకి పన్నెండు పట్టికలు గీసింది. పిన్ని పక్కన కూర్చుని ఊరికే చూసేది కాదు.

"ఆ తమ్ముడే చంపాడు" అనేది.

"ఎలా చెప్పావు పిన్నీ?"

"అందరినీ దగ్గరగా చూపించారు. వాణ్ని వెనకనుంచే చూపించారు. మొహం ఎందుకు దాస్తున్నారు? ఇంకోటి చూడు. మెట్లెక్కేటప్పుడు ఆ అమ్మాయి చేతికి గడియారం ఉంది, తలుపు తీసేటప్పుడు లేదు. మధ్యలో ఏదో జరిగింది, అది మనకి చూపించలేదు."

పిల్ల నోరెళ్లబెట్టింది. వెనక్కి తిప్పి చూసి, నిజమే అంది. క్లాసులో ఎవరికీ తట్టలేదని, ఫైలులో ఇది నీ మాటగానే రాస్తానని చెప్పింది. ముప్పై మందిని అడగాల్సిన ప్రశ్నల కాగితం కూడా ఇద్దరూ కూర్చుని తయారుచేశారు. ట్రైలరు చూసి మీరు సినిమాకి వెళ్తారా అన్న ప్రశ్న పనికిరాదని పిన్ని కొట్టేసింది. "ఎవరైనా వెళ్తామనే అంటారు. ఆఖరుసారి ఏది చూసి వెళ్లారు, ఎవరితో వెళ్లారు అని అడుగు. అప్పుడు నిజం బయటికొస్తుంది." బస్టాండులో ముప్పై మందీ ముప్పై రకాలుగా నీళ్లు నమిలారు. పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. ఆరా మేడం జీవితంలో తన అనుమానాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

నాలుగో వారంలో పిల్ల ఆ ప్రశ్న అడిగింది. ఆ రోజు గదిలో టేపు పట్టి కౌంటరు నుంచి అరల దాకా కొలుస్తోంది. ఏ వేళకి ఎండ జాలీలోంచి ఎంత దూరం పడుతుందో సుద్దముక్కతో నేల మీద గీతలు పెడుతోంది. గీతలు పెడుతూనే అడిగింది.

"పిన్నీ, సారు ఒకటే గొడవ. ఆవిడ ఏం దాస్తోందో నీకు తెలియాలి అంటారు. ట్రైలరులో చెప్పకు, కానీ నీకు తెలియకపోతే దాచినట్టు కనపడదు అంటారు. నువ్వెప్పుడైనా ఏదైనా తప్పు మనిషికి ఇచ్చావా?"

"లేదు" అంది ఆరా మేడం.

ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చేసింది. అలా వచ్చే జవాబుని ఇరవై ఆరేళ్లుగా ఆమె ఎవరి నోట విన్నా నమ్మలేదు. పిల్ల మాత్రం తలాడించి, టేపు చుట్టుకుని, అద్దం ముక్కతో వెలుగు ఎలా పడుతుందో చూసుకోవడంలో పడిపోయింది.

అసలు సంగతి పదకొండేళ్ల క్రితంది. ఒక కండక్టరు పొద్దున్నే ఒక చెక్కపెట్టె తెచ్చిచ్చాడు. గడియారాలు బాగుచేసేవాళ్ల పెట్టె. చిన్న చిన్న సొరుగులు ఏడు. అడుగు సొరుగులో అంచు పగిలిన కంటి భూతద్దం. మూతకి లోపల ఒక అద్దం, దానికి ఒక మూల లేదు. మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. తన భర్త పనిపెట్టె బస్సులో మర్చిపోయానంది. ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నారు, ఇంట్లోనే కూర్చుని పని చేస్తానంటే కొట్టు నుంచి తీసుకెళ్తున్నానంది. సొరుగులెన్ని అని ఆరా మేడం అడిగింది. ఆరు కాబోలు అంది. అడుగు సొరుగులో ఏముందంటే, ఏవో సన్నవి అంది. మూత లోపల ఏముందంటే, "నేనెప్పుడూ తెరవలేదమ్మా, ఆయన తాకనిచ్చేవారు కాదు" అంది. సరిగ్గా కనుక్కుని రమ్మని ఆరా మేడం పంపేసింది. అడిగిన పుస్తకంలో ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసింది.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చాడు. ఏడు సొరుగులన్నాడు. భూతద్దమన్నాడు, దాని అంచు పగిలిందన్నాడు. అద్దానికి ఏ మూల లేదో కూడా చెప్పాడు. ఆరా మేడం ముచ్చటపడింది. సంతకం చేయించుకుని, పెట్టె చేతికిచ్చి, మనుషులంటే ఇలా ఉండాలి అనుకుంది.

ఆ మధ్యాహ్నమే నిన్నటి ఆవిడ మళ్లీ వచ్చింది. భర్త చేత రాయించుకొచ్చిన కాగితం జాలీలోంచి తోసింది. సొరుగులు ఏడు. ఏ సొరుగులో ఏముందో వరసగా. భూతద్దం, దాని అంచు, అద్దం, దాని మూల. కాగితం నెత్తిన వాళ్ల కొట్టు చిరునామా. ఆరా మేడం దాన్ని రెండుసార్లు చదివింది. కండక్టరు తెచ్చివ్వడానికి ముందు రాత్రంతా ఆ పెట్టె కండక్టర్లు పడుకునే గదిలో బల్ల మీద తాళం లేకుండా ఉందన్న సంగతి ఆమెకి అప్పుడు వెలిగింది. తన ఇంటిది కాబట్టి ఈవిడ ఎన్నడూ తెరిచి చూడలేదు. తనది కాదు కాబట్టి వాడు క్షుణ్ణంగా చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా తను అడుగుతున్న మూడు ప్రశ్నలకి దొంగ కంటే బాగా జవాబు చెప్పగలిగేవాడు లేడని ఆమెకి తెలిసొచ్చింది.

"అలాంటి పెట్టె మాకు రాలేదమ్మా" అంది.

ముందు రోజు ఉందనీ లేదనీ చెప్పలేదు కాబట్టి ఆ మాట చెల్లిపోయింది. "నిన్న మీరు అడిగిన తీరు చూసి ఉందేమో అనుకున్నాను" అని ఆవిడ కాసేపు నిలబడింది. దొరికితే కబురు చెయ్యమని కాగితం అక్కడే వదిలి వెళ్లింది. ఆరా మేడం ఆ కాగితం చింపలేదు. ఆఫీసు కాగితం చింపడం ఆమెకి చేతకాదు. అడిగిన పుస్తకంలో ఆ పేజీకే గుండుసూదితో గుచ్చింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకి తప్ప అది తెలియదు. పదకొండేళ్లలో అలా ఎవరూ చదవలేదు.

ఇప్పుడు పిల్ల చదువుతుందేమోనన్నది ఆమె భయం. ఆ ప్రశ్న అడిగిన మర్నాటి నుంచి ఆరా మేడం కళ్లలో వత్తులు వేసుకుని పిల్లని కనిపెట్టి చూడడం మొదలుపెట్టింది. పిల్ల పాత పుస్తకాలు దించి ఫోనుతో ఫొటోలు తీస్తోంది. ఎందుకంటే, ట్రైలరుకి అచ్చం ఇలాంటి పుస్తకం తయారుచెయ్యాలి, గీతలెలా ఉంటాయి, సిరా ఎలా వెలిసిపోతుంది అని చెప్పింది. మరి ముప్పై పుస్తకాలుండగా పదకొండేళ్ల నాటి దొరికిన పుస్తకమే ఎందుకు తీసింది? అట్ట బాగా నలిగి ఉందట. నలిగినవి ఇంకా ఉన్నాయి కదా? మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా ఎందుకు? ఏ పేజీ బాగా వస్తుందో తెలియదట. ప్రతిదానికీ జవాబుంది. సరిగ్గా మూడింటికి మూడూ చెప్పినవాణ్ని నమ్మి ఏమైందో ఆమెకి తెలుసు. పైకి ఏమీ అనకుండా సొరుగులోని గుండుసూదులన్నీ బల్ల మీద పోసి మళ్లీ సర్దింది.

మేనేజరే ఈ పిల్లని పంపించాడేమో అనుకుంది. రిటైరయ్యే ముందు పాత పుస్తకాలు తనిఖీ చేస్తారని ఎక్కడో విన్నది. అసలు హాస్టల్‌లో మరమ్మతులు జరుగుతున్నాయా? ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి రెండు బస్సులు మారి హాస్టల్ దాకా వెళ్లింది. సిమెంటు బస్తాలు, ఇసుక, గోడలకి కట్టిన కర్రలు, పైన పనివాళ్లు కనిపించారు. ఎన్నాళ్లుగా చేస్తున్నారని మేస్త్రీని అడిగింది. మీరెవరన్నాడు. తిరుగు బస్సులో ఆమెకి తన మీద తనకే సిగ్గేసింది. అయినా మర్నాడు పదకొండేళ్ల నాటి అడిగిన పుస్తకాన్ని చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, బీరువాలో దుప్పట్ల కింద దాచింది. ఇరవై ఆరేళ్లలో ఆ గదిలోంచి ఆమె ఒక్క గుండుసూది కూడా బయటికి తేలేదు.

"పిన్నీ, దీని జోడీ పుస్తకం ఇక్కడే ఉండాలి కదా" అని పిల్ల రెండు రోజుల తర్వాత అరల దగ్గర వెతుకుతూ అడిగింది.

"పాతవి పై ఆఫీసుకి పంపించేశాం."

"ఇదొక్కటేనా? పక్క సంవత్సరాలవి ఉన్నాయే."

"వాళ్లేది అడిగితే అది పంపుతాం. నన్నడుగుతావేంటి?"

పిల్ల సరేనంది. ఆ సరేలో ఏముందో ఆరా మేడం ఇంటికెళ్లేదాకా తవ్వుకుంటూనే ఉంది. అన్నం తినేటప్పుడు పిల్ల ముభావంగా ఉంది. ట్రైలర్లు పెట్టలేదు. అడిగితే, తలనొప్పి అంది. ఆ పిల్ల మొదటిసారి ఒక ప్రశ్నకి ఒక్క మాటతో జవాబిచ్చింది. కనిపెట్టేసింది అనుకుంది ఆరా మేడం.

ఆదివారం పొద్దున పిల్ల స్నేహితురాలి దగ్గర ఏదో తెచ్చుకోవాలని వెళ్లింది. వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆరా మేడం తలుపు గడియ పెట్టింది. పిల్ల ఫైలు బల్ల మీదే ఉంది. కళ్లజోడు తుడుచుకుని, ఆ కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ముందు గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కటే తీసింది. పన్నెండు పట్టికలు. తను చెప్పిన గడియారం మాట, దాని కింద పిన్ని అని. ముప్పై మంది జవాబులు. గది పటం, ఎండ గీతలు, వేళలు. షాట్ల బొమ్మలు. జాలీ వెనక కూర్చున్న ఆవిడ బొమ్మకి మొహం గీయలేదు.

ఆఖర్న సారు తిప్పి పంపిన కాగితం ఉంది. ఎర్ర సిరాతో రాశాడు. గది బాగుంది, పని బాగుంది, కానీ ఈ స్త్రీ ఏ తప్పూ చెయ్యలేదు, ఏదీ దాచలేదు, అందువల్ల కథ లేదు. బుధవారం లోపు ఆమె రహస్యం రాసివ్వు, లేదా వేరే విషయం ఎంచుకో. రెండూ కాకపోతే ఈ ఏడాదికి ప్రాజెక్టు లేనట్టే.

దాని కింద పిల్ల తన జవాబు చిత్తుగా రాసుకుంది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. ఆరా మేడం వేలు పెట్టి చదివింది. "సార్, ఆమె దొంగతనం చేసిందనో, ఎవరికో కావాలని ఇచ్చేసిందనో నేను కల్పించి రాయగలను. కానీ ఆ గది మా పిన్నిది. బస్టాండులో అందరికీ ఆమె తెలుసు. చూసినవాళ్లు ఆమే అనుకుంటారు. నేను ఆమెను నేరుగా అడిగాను, అలాంటిది ఏదీ లేదని చెప్పింది. మా పిన్ని అబద్ధం చెప్పదు. అందుకని ఈ గది వదిలేస్తున్నాను. బుధవారం లోపు వేరే విషయం తెస్తాను."

బుధవారానికి మూడు రోజులుంది. ఆరు వారాల పని ఆ ఫైలులో ఉంది. ఆరా మేడం ఆ వాక్యం దగ్గరికి మళ్లీ వెళ్లింది. మా పిన్ని అబద్ధం చెప్పదు. మేనేజరు మాటకి తల వంచుకోవడం ఆమెకి అలవాటైంది గానీ, ఈ మాట ఆమె భరించలేకపోయింది. ఆ పిల్ల తలనొప్పి ఇదన్నమాట. చెప్తే ఆ వాక్యం పోతుంది. చెప్పకపోతే పిల్ల ఏడాది పోయేలా ఉంది. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే, పిల్ల రాగానే ఏమీ ఎరగనట్టు ఉండొచ్చు కదా అని కూడా ఆలోచించింది, వేరే విషయం దొరక్కపోతుందా అని. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకొంచెం ఏడ్చింది.

పిల్ల పదకొండున్నరకి వచ్చింది. ఫైలు తెరిచి ఉంది. దాని పక్కన అడిగిన పుస్తకం ఉంది.

"ఇది పై ఆఫీసుకి పంపించారన్నావు కదా."

"పంపలేదు. నేనే తెచ్చి దాచాను. నీ ఫైలు కూడా చూశాను. నువ్వు లేనప్పుడు."

పిల్ల చెప్పులు విప్పకుండానే కూర్చుంది. ఆరా మేడం గుండుసూది గుచ్చిన పేజీ తీసి ముందు పెట్టింది. పెట్టె వచ్చిన పొద్దు నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పింది. ఆవిడ చెప్పిన ఆరు సొరుగులు, వాడు చెప్పిన ఏడు, కండక్టర్ల గదిలో బల్ల, రెండో మధ్యాహ్నం, తను అన్న మాట. ఏదీ తగ్గించలేదు. తన తరపున ఒక్క సాకు కూడా కలపలేదు. పిల్ల ఆ కాగితం విప్పి, భర్త రాసిన పట్టిక పూర్తిగా చదివింది.

"చిరునామా ఉంది" అంది.

"ఉంది."

"ఎప్పుడైనా వెళ్లావా?"

"ఒకసారి వీధి మొదలు దాకా వెళ్లాను. కొట్టు మూసి ఉంది. ఆ పూటకి మూశారా, మొత్తానికే మూశారా అని ఎవరినీ అడగలేదు."

పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినపడుతోంది.

"నీకు కావలసింది ఇదేగా" అంది ఆరా మేడం. "మీ సారుకి రాసివ్వు. గది కూడా వాడుకో. ఎవరేమనుకున్నా నాకు ఫర్వాలేదు. మేనేజరుకి రేపు నేనే చెప్తాను. సభలో ఆ మాట ఇక చెప్పనవసరం లేదు."

"ఇందుకా నేనడిగినప్పుడు అంత తొందరగా లేదన్నావు?"

"ఆఁ."

"నేను నమ్మేశాను పిన్నీ. సారుతో దెబ్బలాడాను కూడా."

"చదివాను."

పిల్ల కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి పేజీకి గుచ్చింది. వేలు గుచ్చుకున్నా చూసుకోలేదు. తలెత్తి పిన్ని మొహంలోకి చూసింది. ఆ చూపు ఆరా మేడంకి బాగా తెలుసు. జాలీ ఇవతల కూర్చుని వేలమందిని తను చూసిన చూపు అది. అవతల నిలబడితే ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ తెలియలేదు.

"ఇదొక్కటేనా?" అని అడిగింది పిల్ల.

"ఇదొక్కటే."

"నిజంగా?"

"నిజంగా ఒక్కటేనే తల్లీ."

అది నిజం. ఇరవై ఆరేళ్లలో ఆమె చెప్పిన ఒకే ఒక్క తప్పు మాట అది, దాన్ని కప్పడానికి ఈ నెలలో చెప్పినవి తప్ప. కానీ దాన్ని ఎలా చూపించాలో ఆమెకి తెలియలేదు. ఏ కాగితం తేవాలి, ఎవరి చేత రాయించుకురావాలి, ఏ గుర్తు చెప్పాలి. పిల్ల కోప్పడితే బావుండునని, ఇల్లు వదిలి వెళ్లిపోతానన్నా బావుండునని అనిపించింది.

పిల్ల కోప్పడలేదు. సరే పిన్నీ అంది. చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి వచ్చింది. ఫోను తీసి, దొరికిన పుస్తకం ఫొటోల్లో మొదటి పేజీ తెరిచింది. అడిగిన పుస్తకాన్ని కూడా మొదటి పేజీకి తిప్పి పక్కనే పెట్టుకుంది. పెన్సిలు తీసుకుంది.

"మిగతా సంవత్సరాలవి రేపు గదికి వచ్చి చూస్తాను" అంది తల ఎత్తకుండా.

ఆరా మేడం అలాగేనంది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్ల ఒక వరస మీద పెన్సిలు ఆపి, ఫోనులో వెతికి, అది కుదిరాక కిందికి జరిపేది. మళ్లీ ఆపేది. ఆపినప్పుడల్లా ఆరా మేడం జవాబు చెప్పడానికి సిద్ధంగా కూర్చునేది. పిల్ల ఏమీ అడగలేదు.